పేరు చెప్పేదాకా ఆగు

పోయిన వారం గాలివానకి మా వీధిలో కరెంటు పోయింది. ఎక్కడో పెద్ద లైనే తెగిందట, తెల్లారేదాకా రాదన్నారు. కాసేపటికి ఇన్వర్టర్లు కూడా ఒక్కొక్కటే కుయ్యోమని మూలిగి ఆగిపోయాయి. ఫోన్లో ఛార్జింగు లేదు, నిద్రా రాదు. చీకట్లో తడుముకుంటూ బీరువా అడుగునున్న, దూరదేశాల స్టేషన్లు పట్టే చిన్న షార్ట్‌వేవ్ రేడియో సెట్టు బయటికి తీశాను. గోడ గడియారాలు రెండూ దించి, వాటి సెల్లు పీకి అందులో వేశాను.

పలుకుతుందన్న ఆశేమీ లేదు. కొన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఎప్పుడు పెట్టినా బర్రుమనే మోతే తప్ప అందులో మరోటి వినలేదు. ఎల్‌ఈడీ బల్బుది ఒక మోత, ఫోను ఛార్జరుది ఇంకో మోత, పక్కింటి టీవీది వేరే మోత. వాటన్నిటి కడుపులోనూ కరెంటుని సెకనుకి వేలసార్లు తెంపి అతికించే బుల్లి సర్క్యూట్లుంటాయి. ఆ తెంపుళ్లన్నీ వచ్చి రేడియోలో పడతాయి.

ఆ రాత్రి మోత లేదు. సన్నగా, ఇసుక జారుతున్నట్టు ఒక చప్పుడు. అంతే. సెట్టు చెవికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయాను. స్టేషన్లేవీ లేని చోట ఆకాశం చేసే చప్పుడది. నేనది విని ముప్పై ఏళ్లు దాటుంటుంది. దానితోపాటే ముక్కుకి దుమ్ము మాడిన వాసన తగిలింది. ఈ సెట్టులో పాత రేడియోల్లోలా వేడెక్కే గాజు వాల్వులెక్కడివి, వాసనెక్కడిది? అది పెదనాన్న గదిలోది.

* * *

పెదనాన్నది వాల్వు రేడియో. స్విచ్చి వేయగానే పలికేది కాదు. లోపల తీగలు ఎర్రబడి వేడెక్కడానికి అర నిమిషం పట్టేది. ముందు దుమ్ము మాడిన వాసన, తర్వాత పెట్టె అడుగునుంచి చిన్న గుర్రు, ఆ తర్వాత మాట. ఆ వరస ఏనాడూ తప్పలేదు. ముందువైపు గాజు పలక మీద ఊళ్ల పేర్లుండేవి: హిల్వర్సమ్, లక్సెంబర్గ్, ఓస్లో, రోమ్. ముల్లు తీసుకెళ్లి ఓస్లో మీద పెడితే ఓస్లో పలుకుతుందని చాలాకాలం నమ్మాను. పెట్టి చూసేవాణ్ని కూడా. ఒక్కసారీ పలకలేదు. పలక పైన మూలగా మ్యాజిక్ ఐ, పచ్చటి కన్ను. స్టేషను సరిగ్గా కుదిరితే ఆ పచ్చదనం మధ్యనున్న నల్లటి చీలిక దగ్గరికి మూసుకునేది.

ఇల్లు సద్దుమణిగాక మొదలయ్యేది మా వేట. "మళ్లీ ఆ కూతలేనా?" అని పెద్దమ్మ తలుపు చేరవేసి వెళ్లిపోయేది. నిజంగా కూతలే మరి. నాబ్ తిప్పుతుంటే ఈలలు, గరగరలు, మోర్సు టిక్కులు, ముక్కు మూసుకున్న బాతులు మాట్లాడుకుంటున్నట్టు ఏవో గొంతులు. ఆ బాతులు సరదాకి తమలో తాము మాట్లాడుకునే హ్యామ్ రేడియోవాళ్లనీ, వాళ్లు సింగిల్ సైడ్‌బ్యాండ్ అనే పద్ధతిలో మాట్లాడేది విప్పడం మా సెట్టుకి చేతకాదనీ చాలా తర్వాత తెలిసింది. అందరి ముల్లూ రేడియో సిలోన్ దగ్గర ఆగిపోతే, పెదనాన్నకి అది దాటాకే రేడియో మొదలు.

డాబా మీదుగా పెరటి చివరిదాకా రాగి తీగ ఏరియల్. రెండు చివర్లా పింగాణీ గుబ్బలు. గోడ పక్కన భూమిలో పాతిన రాగి కడ్డీకి ఎర్తు తీగ. ఎండాకాలంలో ఆ కడ్డీ మొదట్లో రోజూ బకెట్టు నీళ్లు పోయడం నా డ్యూటీ. నేల ఎండితే ఎర్తు పనిచెయ్యదు. అక్కడ ఏ మొక్కా లేకపోయినా వీడు దేనికి నీళ్లు పోస్తున్నాడా అని చూసినవాళ్లు నవ్వుకునేవారు.

"పగలు సన్నవి, రాత్రి లావువి" అనేవాడు పెదనాన్న. తరంగాల పొడవు గురించి ఆయన చెప్పిన పాఠమంతా అదే. పగలు 13, 16, 19 మీటర్ల బ్యాండ్లు. చీకటి పడ్డాక 41, 49. సందెవేళా తెల్లవారుజామునా 25, 31. మీటర్లకీ మెగాహెర్ట్జులకీ లెక్క ఒకటే: 300ని దీనితో భాగిస్తే అది, దానితో భాగిస్తే ఇది. నాకు భాగహారం పట్టుబడింది ఆ గదిలోనే. పైనెక్కడో, వందల కిలోమీటర్ల ఎత్తున, ఎండకి గాలిలోని అణువులు చీలి అద్దంలా తయారవుతాయనీ, షార్ట్‌వేవ్ దానికి తగిలి తిరిగి నేలకొస్తుందనీ, మళ్లీ నేలకి తగిలి ఎగురుతుందనీ చెప్పేవాడు. బంతి గెంతినట్టు. పగలు ఆ అద్దానికి కింద మరో పొర తయారై లావు తరంగాల్ని మింగేస్తుందట. పొద్దు గూకితే ఆ పొర కరిగిపోతుంది. "సూర్యుడు నిద్రపోతేనే రా వీళ్లు నోరు విప్పేది" అనేవాడు.

* * *

లాగ్ పుస్తకం ఉండేది. స్కేలుతో గీసిన గడులు: తేదీ, జీఎంటీ (గ్రీనిచ్ టైము), ఫ్రీక్వెన్సీ, భాష, ఏం విన్నాం, సిన్‌పో, చివరి గడిలో స్టేషను పేరు. సిన్‌పో అంటే అయిదు అంకెలు. సిగ్నలెంత బలం, పక్క స్టేషను తాకిడెంత, గరగరెంత, ఎక్కి దిగడమెంత, మొత్తమ్మీద వినడానికెలా ఉంది. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. పెదనాన్న పిసినారి మాస్టారు, 5 వెయ్యడానికి చెయ్యొచ్చేది కాదు.

అన్నిటికన్నా కఠినమైంది చివరి గడి. స్టేషను తన నోటితో తన పేరు చెప్పుకుంటే తప్ప అందులో రాయకూడదు. మామూలుగా జీఎంటీలో గంట కొట్టేవేళ, అంటే మన గడియారంలో అరగంట దగ్గర, చెబుతారు. అప్పటిదాకా ఆగాలి. ఇరవై నిమిషాలు ఏదో తెలియని భాషలో ఉపన్యాసం విని, పేరు చెప్పే సరిగ్గా ఆ క్షణానికి సిగ్నలు మునిగిపోయి, రెండు నిమిషాలకి మళ్లీ తేలిన రాత్రులు లెక్కలేనన్ని. ఆ గడి ఖాళీగానే ఉండేది.

క్విటో అంటే నాకు పిచ్చిగా ఉండేది. ఈక్వడార్‌లో, ఆండీస్ కొండల్లో, 2,800 మీటర్ల ఎత్తునున్న ఊరు. అక్కణ్ణుంచి హెచ్‌సీజేబీ అనే స్టేషను 1931 నుంచీ పలుకుతోందని పెదనాన్న చెప్పాడు. స్పానిష్‌లో తనని తాను 'ఆండీస్ గొంతు' అని పిలుచుకుంటుందట. భూగోళానికి దాదాపు అవతలి వైపు. అది పట్టాలి.

ఒక తెల్లవారుజామున పెదనాన్న లేవకముందే నేను సెట్టు దగ్గర చేరాను. 31 మీటర్లలో స్పానిష్! మగ గొంతు, స్పష్టంగా. ఒళ్లు జలదరించింది. లాగ్‌లో అన్ని గడులూ నింపి, చివర్లో పెద్దక్షరాలతో 'క్విటో' అని రాసేశాను.

పెదనాన్న లేచొచ్చి చూశాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పేరు చెప్పాడా?"

"స్పానిష్ పెదనాన్నా!"

"అది కాదురా నేనడిగింది. పేరు చెప్పాడా?"

నేను మాట్లాడలేదు. ఆయనా ఇంకేమీ అనలేదు. మర్నాడు అదే వేళకి లేపి కూర్చోబెట్టాడు. అదే గొంతు, అదే చోట. గంటకి రెండు నిమిషాల ముందు పాట ఆగింది. గంటలు మోగాయి. గొంతు తాపీగా తన పేరు చెప్పుకుంది. రేడియో మాస్కో. స్పానిష్‌లో.

మాస్కో స్పానిష్‌లో ఎందుకు మాట్లాడుతుందని అడిగాను. "వాళ్లకి వినిపించాలని" అన్నాడు. నేను రాసిన 'క్విటో' మీద స్కేలు పెట్టి ఎర్ర సిరాతో ఒకే ఒక్క గీత గీశాడు. రబ్బరుతో చెరపనివ్వలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ గీతా ఉంది.

* * *

ప్రసారం మొదలయ్యే ముందు కొన్ని నిమిషాలపాటు ప్రతి స్టేషనూ తన రాగపు ముక్క ఒకటి పదేపదే వాయించేది, జనం ముల్లు సర్దుకోవడానికి. జర్మనీ స్టేషను డాయిషె వెలెది బీథోవెన్ ఒపేరాలోంచి తీసిన కొన్ని స్వరాలు, గాజు గ్లాసుల మీద చెంచాతో కొట్టినట్టుండేవి. నెదర్లాండ్స్‌ది గోపుర గంటల పాట. పెదనాన్న రెండు స్వరాలకే పోల్చేసేవాడు. అప్పుడు మాత్రం లాగ్‌లో రాయొచ్చా అంటే, ఊహూ. "ముందు పేరు చెప్పనీ."

రేడియో ఆస్ట్రేలియాది కూకబర్రా పిట్ట నవ్వు. పిట్ట నవ్వంటే మామూలు నవ్వు కాదు, ముందు గొంతు సవరించుకుని ఆపైన పగలబడి నవ్వుతుంది. మొదటిసారి అది గదిలో పెద్దగా మోగేసరికి పెద్దమ్మ చేతికందిన కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "కోతి దూరిందేమో అనుకున్నానండీ" అంటూ. ఆ తర్వాత చాన్నాళ్లు ఇంట్లో ఎవరు గట్టిగా నవ్వినా "ఆస్ట్రేలియా మొదలైంది" అనేవాళ్లం.

పేరులేని చప్పుళ్లూ ఉండేవి. 1976 నుంచి ఒకటి తగులుకుంది. సెకనుకి పదిసార్లు టకటకటకటక. ఒక బ్యాండులో మొదలై ఇంకో బ్యాండులోకి దూకేది, దాని కింద ఏ స్టేషనున్నా చిత్తే. ప్రపంచమంతా దాన్ని వడ్రంగిపిట్ట అంది. పెదనాన్న లాగ్‌లో కొన్ని రాత్రులు ఒక్కటే వాక్యం: 'వడ్రంగిపిట్ట వచ్చింది. లేచాను.' అది చెర్నోబిల్ పక్కన సోవియట్‌వాళ్లు కట్టిన భారీ రాడార్ అని, దిక్చక్రం అవతలి క్షిపణుల్ని పసిగట్టడానికని తర్వాతెప్పుడో బయటపడింది. 1989లో ఆగిపోయింది. కొన్ని స్టేషన్ల మీద కావాలని మోత గోడ కట్టే జామింగ్ 1988 చివరికే సద్దుమణిగింది. వెతికితే పెదనాన్న రాసిన 'ఇవాళ గోడ లేదు' అన్న మాట దొరుకుతుంది. అంతకు మించి వ్యాఖ్యానం ఆయన అలవాటు కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం టైము చెప్పే స్టేషను. సరిగ్గా 10 మెగాహెర్ట్జుల దగ్గర సెకనుకో టిక్కు. పాటల్లేవు, వార్తల్లేవు. నిమిషం పూర్తవబోయే ముందు ఒక ఆడగొంతు వచ్చి టైము చెప్పేది, అది హవాయి. ఏడెనిమిది సెకన్లకి వెనకాల నుంచి ఒక మగగొంతు అదే టైము చెప్పేది, అది అమెరికాలోని కొలరాడో. ఇద్దరూ ఒకే చోట పలుకుతారు కాబట్టి ఒకరి మాట మీద ఒకరు పడకుండా అలా వంతులేసుకున్నారన్నమాట. హవాయి వినబడిన తెల్లవారుజాములు కొన్ని ఉన్నాయి. ఆవిడ వెనక ఆయన కూడా వినబడిన రోజు ఒక్కటే. ఆ రోజు స్కూల్లో ఎవరికి చెప్పినా అర్థం కాలేదు.

* * *

ఒక మధ్యాహ్నం రేడియో చచ్చిపోయింది. మాట మధ్యలో, ఎవరో గొంతు పట్టుకున్నట్టు. 13 మీటర్లలో లేదు, 19లో లేదు, 25లో లేదు. వట్టి హిస్స్. వాల్వు పోయిందని నేను వెనక అట్ట విప్పబోయాను. పెదనాన్న నా చెయ్యి పట్టుకుని, స్విచ్చి మీడియం వేవ్‌కి తిప్పాడు. దగ్గరి స్టేషను హాయిగా మాట్లాడుతోంది.

"సెట్టు బానే ఉంది. చచ్చింది ఇక్కడ కాదు, అక్కడ" అని కిటికీలోంచి ఎండ వైపు చూపించాడు.

సూర్యుడి మీద జ్వాల లేస్తే దాని ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికొచ్చి, ఆ కింది పొరని దట్టంగా చేసేస్తాయి. అప్పుడది లావువీ సన్నవీ అన్నిటినీ మింగేస్తుంది. పగలున్న దేశాలన్నిటిలో ఒకేసారి. రాత్రి ఉన్నవాళ్లకి తెలియనే తెలియదు. గంట తర్వాత ముందుగా సన్నవి తిరిగొచ్చాయి, లావువి వెనకాల. ఆ గంటసేపూ ఆయన వట్టి హిస్స్ వింటూనే కూర్చున్నాడు, లాగ్‌లో అయిదేసి నిమిషాలకోసారి 'లేదు' అని రాస్తూ.

సూర్యుడి మచ్చలు పెరిగి తరిగే పదకొండేళ్ల చక్రం కూడా ఆయన చెప్పే తెలిసింది. మచ్చలు నిండుగా ఉన్న ఏళ్లలో 13 మీటర్ల బ్యాండు అర్ధరాత్రి దాకా తెరిచి ఉండేది. అలాంటి ఒక సాయంత్రం ఓ స్టేషను మాటకి ప్రతిధ్వని వస్తోంది, బావిలోంచి మాట్లాడినట్టు. స్పీకరు చెడిందేమో అన్నాను. పెదనాన్న కాగితమ్మీద లెక్క చేశాడు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, తరంగం వేగం సెకనుకి 3,00,000. అంటే సెకనులో ఏడో వంతు. ఆ మాట ఒకసారి నేరుగా మా ఏరియల్‌కి తగిలి, భూమంతా చుట్టి మళ్లీ తగులుతోంది! ఆయన సెట్టుకి నమస్కారం పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

* * *

ఉత్తరాల సంగతి క్లుప్తంగా చెప్తాను, లేకపోతే ఇదొక్కటే పెద్ద పుస్తకమవుతుంది. విన్న తేదీ, జీఎంటీ, ఫ్రీక్వెన్సీ, అయిదంకెలు, కార్యక్రమంలో ఏమేం వచ్చాయో వివరంగా రాసి స్టేషనుకి పంపితే, సరిచూసుకుని 'అవును, మీరు విన్నది మమ్మల్నే' అని కార్డు పంపేవారు. క్యూఎస్ఎల్ కార్డంటారు. పెద్ద స్టేషన్లు ఊరికే పంపేవి. చిన్నవాటికి రిప్లై కూపను పెట్టాలి. 1906 నుంచీ ఉన్న ఏర్పాటది. ఆ కూపను ఏ దేశపు పోస్టాఫీసులో ఇచ్చినా తిరుగు ఉత్తరానికి సరిపడా స్టాంపులిచ్చేవారు. పంపిన ఉత్తరం మరిచిపోయాక కార్డొచ్చేది.

నేను సొంతంగా రాసిన మొదటి రిపోర్టులో ఘనకార్యం చేశాను. బీబీసీ ఎవరికీ తెలియని కొత్త చోట, 10,840 కిలోహెర్ట్జుల దగ్గర వినబడుతోందని కనిపెట్టాను. ఈసారి పేరు కూడా చెప్పారు, టైము చెప్పే ఆరు పిప్పులూ లెక్కపెట్టాను, అయిదు పొట్టి, చివరిది పొడుగు. ఇక తిరుగేముంది? కవరు అంటించబోతుంటే పెదనాన్న, "దానికి 910 కలిపి చూడు" అన్నాడు. 11,750. ముల్లు అక్కడికి తిప్పితే అదే గొంతు, రెట్టింపు బలంతో. సెట్టు లోపల ఏ స్టేషన్నైనా ముందు 455 కిలోహెర్ట్జులకి దించుకుంటుంది. 455కి రెండింతలు దూరంలో ఉన్న బలమైన స్టేషను అద్దంలో బొమ్మలా రెండోచోట కూడా కనబడుతుంది. ఇమేజి అంటారు.

"పేరు చెప్పింది నిజమే. చోటు నీ సెట్టు కల్పన" అని కవరు వెనక్కిచ్చాడు. నవ్వాపుకోవడానికి ఎంత కష్టపడ్డాడో నాకిప్పుడు అర్థమవుతుంది.

* * *

ఉద్యోగంలో చేరాక చిన్న ట్రాన్సిస్టరు కొనుక్కున్నాను. పెదనాన్నకి చెవులు మందగించాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కొన్నాళ్లు లాక్కొచ్చాడు. 1991 ఆగస్టులో మాస్కో వీధుల్లోకి ట్యాంకులొచ్చిన మూడు రోజులూ ఇద్దరం చెరో ఊళ్లో బీబీసీకి అంటిపెట్టుకుని ఉన్నాం. కుట్రదారులు ఫోన్లు కోసేసి క్రిమియాలో బంధించిన సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ కూడా పాత రేడియోలు బాగుచేయించుకుని అవే విదేశీ స్టేషన్లు వింటూ కూర్చున్నాడని కొద్దిరోజులకి తెలిసింది. నేను ఉత్తరంలో రాస్తే పెదనాన్న జవాబు: 'ఏరియల్ ఏం వాడాడో రాశారా?'

ఆయన పోయాక సెట్టు ఎవరో అడిగి తీసుకెళ్లారు. లాగులు నేను తెచ్చుకున్నాను. స్టేషన్లు కూడా ఒక్కొక్కటే పోయాయి. స్విట్జర్లాండు 2004లో. 2009లో క్విటో దగ్గరి పెద్ద ట్రాన్స్‌మిటర్లు, నా ఎర్ర గీత అలా ఉండగానే. 2012 జూన్‌లో ఒకే వారంలో కెనడా, నెదర్లాండ్స్. 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్ మూసేశారన్న వార్త చదివి, పెద్దమ్మకి ఫోన్ చేసి ఆ పిట్ట ఇక నవ్వదని చెప్పాను. "పోనీలే, కర్ర వెతుక్కునే పని తప్పింది" అంది. కాసేపాగి, "ఆయన ఉంటే ఏమనేవారో" అంది.

నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీవాళ్లు తమ రిసీవర్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎక్కడ కూర్చునైనా దాని ముల్లు తిప్పుకోవచ్చు. చూశాను. బ్రహ్మాండంగా వినబడుతుంది. కానీ అది వాళ్ల ఏరియల్ మీద వాలిన మాట. నా తీగ మీద వాలింది కాదు. ఎంతసేపు విన్నా ఎవరింటి ఉత్తరమో చదువుతున్నట్టే ఉంది నాకు. చాదస్తం అనుకోండి.

* * *

మళ్లీ పోయిన వారం చీకట్లోకి.

కిటికీ ఊచకి నాలుగు మీటర్ల తీగ తగిలించి, నాబ్ నెమ్మదిగా తిప్పుతున్నాను. చైనా రెండు మూడు చోట్ల గట్టిగా ఉంది. ఏదో అరబిక్. చాలాసేపు ఏమీ లేదు. 31 మీటర్లలో, గరగర అడుగున, ఎవరో మాట్లాడుతున్నారు. తేలుతోంది, మునుగుతోంది, ఉయ్యాల ఊగినట్టు. ఊపిరి బిగబట్టి విన్నాను. స్పానిష్ లాగే ఉంది.

చేతి గడియారంలో పన్నెండున్నరకి తొమ్మిది నిమిషాలు. లేచి కొవ్వొత్తి వెలిగించి, పెదనాన్న ఆఖరి లాగ్ పుస్తకం తెచ్చుకున్నాను. వెనక ఇంకా ఖాళీ పేజీలున్నాయి. తేదీ రాశాను, జీఎంటీ లెక్కగట్టాను, ఫ్రీక్వెన్సీ. గొంతు ఆగి ఏదో తీగవాద్యం మొదలైంది. పన్నెండున్నరకి మూడు నిమిషాలు. రెండు.

వీధి దీపాలు వెలిగాయి. ఎక్కడో పిల్లలు హేయని అరిచారు. చెవిలో బర్రుమంది.

పరిగెత్తి మెయిన్ స్విచ్చి దించాను. మోత సగమే తగ్గింది. మిగతాది పక్కిళ్లది. లోపల్నుంచి మా ఆవిడ గొంతు, "వచ్చిన కరెంటు మీరెందుకండీ తీసేశారు?"

"రెండు నిమిషాలాగు."

బర్రు అడుగున పిప్పుల్లాంటివేవో. అయిదు, ఒక పొడుగు. ఆ తర్వాత గొంతు మూడు నాలుగు మాటలు చెప్పింది, బాగా నింపాదిగా, పేరు చెప్పేవాళ్లు చెప్పినట్టే. ఒక్కటీ అందలేదు.

కొవ్వొత్తి దగ్గరికి జరిపి, భాష గడిలో 'స్పానిష్ కావచ్చు' అని రాశాను. సిన్‌పో 21221. చివరి గడి ఖాళీగా వదిలేసి, వెళ్లి మెయిన్ వేశాను.